కారును వెనక్కి నడిపి ఎందుకు పెడతారు?

చెన్నైలో మైలాపూర్, టీ నగర్ అపార్ట్‌మెంట్ల కింద స్తంభాల మధ్య ఇరుకు చోట్లోకి చాలామంది కారును వెనక్కే నడుపుతారు. ఎందుకు? మీ మూడు చక్రాల సైకిల్ చూడండి, పిల్లలూ. పక్కలకు తిరిగేది ముందు చక్రమే; వెనకవి దాని వెంట వస్తాయి. మామూలు కారూ అంతే. ముందుకు పోతూ మలుపు తిప్పితే వెనక చక్రాలు లోపలివైపు అడ్డదారిన వస్తాయి, కారు పక్క భాగం స్తంభానికి గీసుకుంటుంది. వెనక్కి వస్తే ఆ వెనక చక్రాలే మొదట చోట్లోకి చేరతాయి. ఇంకా బయటున్న ముందు చక్రాలు కారును అటూ ఇటూ తిప్పి సరిచేస్తాయి.

వెనక సరిగా కనబడదు కదా అంటారా? నిజమే, అది చిన్న విషయం కాదు. కెమెరా ఉన్నా పెద్దవాళ్లొకరు దిగి చూడాలి, మీరు దూరంగా నిలబడాలి. అయినా ఇలా పెట్టడమే మేలు: పొద్దున బయల్దేరేటప్పుడు వీధిలో నడిచేవాళ్లు డ్రైవరుకు ఎదురుగానే కనిపిస్తారు.