చేప విడిచింది, నాచు తిన్నది

మా అమ్మ రామేశ్వరంలో స్నానం చేయాలంటే తోడు వెళ్ళాను. మా తమ్ముడూ బయలుదేరాడు. వాడికి మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. దారి పొడుగునా తల్లీ కొడుకులకు ఒకటే తగువు. పట్టుబడి కాగానే వాడు చెరువు నీళ్ళు డ్రైనులోకి వదిలేస్తాడు; ఆ కంపు వాకిట్లోకి వస్తోందని ఆవిడ సణుగుడు. "ఆ చెరువులేగా నీకు యాత్ర చేయిస్తున్నవి!" అని వాడి జవాబు. యిద్దరి మాటా నిజమే గనక నేను నోరు మెదపలేదు.

తిరుగు ప్రయాణంలో మండపంలో ఆగాము. అక్కడికి దగ్గరే, పాక్ అఖాతం ఒడ్డున మునైకాడు అనే పల్లె వుంది. ఆ తీరంలో వెదురు తెప్పలు కట్టి నాచు పెంచుతారు. తెప్పకు అడ్డంగా తాళ్ళు, తాళ్ళకు గుత్తులు గుత్తులుగా నాచు. పేరు కప్పాఫైకస్. నోరు తిరగని పేరే గాని, మన నోటికి కొత్తది కాదు సుమండీ! దాని నుంచి తీసే కారజీనన్ అనే జిగురును ఐస్‌క్రీములు చిక్కబడడానికి వాడతారు. యీ మాట వినగానే అమ్మ, "రామ రామ! యిన్నాళ్ళూ నాకు నాచు తినిపించార్రా!" అంది.

అసలు విశేషం అది కాదు. 2010 దాటిన తరువాత కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు యిక్కడి జాలరులతో కలిసి ఒక ప్రయోగం చేశారు. కోబియా అనే చేపను సముద్రంలో వలపంజరంలో పెంచుతూ, దాని పక్కన అర్ధచంద్రాకారంగా 16 తెప్పలు నిలిపారు. చేప తినగా మిగిలిన మేత, అది విడిచిన మలినం నీళ్ళలో కరిగి అమ్మోనియా, భాస్వరం పోగవుతాయి. చేపకు అమ్మోనియా విషం. నాచుకు అదే యెరువు. పెరట్లో స్నానాల నీళ్ళు అరటి పాదులోకి మళ్ళిస్తామే, అలాగన్నమాట. 45 రోజులకు కోసి తూచితే, విడిగా కట్టిన తెప్పకు సగటున 150 కిలోలు, పంజరం పక్క తెప్పకు 260 కిలోలు తూగిందట!

అయితే అడుగుకు దిగిన మడ్డిని నాచు ముట్టుకోదు, కరిగినదాన్నే పీలుస్తుంది. పైగా యీ నాచు మన దేశపుది కాదు. కురుసడై దీవి దగ్గర పగడపు దిబ్బల మీదికి పాకిందని 2008లో శాస్త్రజ్ఞులే రాశారు. కాపలా లేకుండా వదిలేసే వస్తువు కాదు.

మా వాడి కళ్ళు మెరిశాయి. "మా చెరువుల్లో వేయొచ్చాండీ?" అని అక్కడి ఉద్యోగి నొకరిని అడిగాడు.

"యిది అసలైన సముద్రపు ఉప్పునీళ్ళలో గాని బతకదండీ. మీరు గ్రాసిలేరియా చూడాలి. ఇండోనేషియాలో ఉప్పునీటి చెరువుల్లో రొయ్యలతో, పాలచేపతో కలిపి పెంచుతారు. చైనాగ్రాస్ దాని నుంచీ తీస్తారు," అన్నాడాయన.

చైనాగ్రాస్ అంటే అమ్మకు తెలుసు. "అయితే వేయరా," అంది వెంటనే.

"వేసవిలో సరే. వానలకు ఉప్పుటేరు నీళ్ళు చప్పబడితే?"

"ఆ నాలుగు నెలలూ వేయకు. వేసవి కంపయినా తగ్గుతుందిగా!"

వదిలే నీళ్ళను ముందు నాచున్న చెరువులో నిలపాలంటే, వున్న వాటిలో ఒక చెరువును రొయ్యలు వేయకుండా దానికే విడిచిపెట్టాలి. దాని వల్ల యెంత నష్టమో రైల్లో పత్రిక అంచు మీద వాడు చాలాసేపు లెక్క వేశాడు. యెంత తేలిందిరా అని అడిగితే, పత్రిక మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు.