‘నేను’ అనేది మెదడులో ఎక్కడుంది?

ఒక ఉదయం ప్రగతి నగర్ చెరువు గట్టున కూర్చొని కళ్ళు మూసుకోండి. ఊపిరి రాకపోకలను మాత్రమే గమనించండి. నిమిషం గడవకముందే మనసు ఎటో పోతుంది. ‘నా లెక్కల పరీక్ష ఎలా రాశాను? నా స్నేహితుడు నన్ను అలా అన్నాడేమిటి?’ చూశారా, ప్రతి ఆలోచనలోనూ ‘నేను’, ‘నా’ ఉన్నాయి!

మనం ఖాళీగా కూర్చున్నా మెదడు ఖాళీగా ఉండదు. నుదుటి వెనుక మధ్యభాగం, మెదడు వెనుకవైపు మధ్యభాగం మొదలైన కొన్ని ప్రాంతాలు అప్పుడే కలిసికట్టుగా పని చేస్తాయి. 2001లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ సంగతి వివరించారు. జరిగినది తలచుకోవడంలో, రేపటిని ఊహించడంలో, మన గురించి మనం ఆలోచించుకోవడంలో వీటి పాత్ర ఎక్కువ.

ధ్యానంలో బాగా అనుభవం ఉన్నవారిని యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. ధ్యానం చేసేటప్పుడు ఆ ప్రాంతాల చురుకుదనం తగ్గిందని 2011లో ప్రకటించారు. మరుసటి ఏడు లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రజ్ఞులు మరో వింత చెప్పారు. కొన్ని పుట్టగొడుగులలో ఉండే సైలోసైబిన్ అనే పదార్థాన్ని ఇచ్చినప్పుడు కూడా ఆ ప్రాంతాలకు రక్తప్రసారం తగ్గిందట!

అయితే రెండూ ఒకటేనా? ఈ ప్రశ్న ఇద్దరు స్నేహితుల మధ్య ఎప్పుడో వచ్చింది. ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ 1953లో మెస్కలిన్ అనే మందు తీసుకొని, ఆ అనుభవాన్ని 1954లో పుస్తకంగా వెలువరించాడు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మాత్రం, మందుతో వచ్చేది ధ్యానం కాదని తన ఉపన్యాసాలలో చెప్పేవారు.

ఒక పోలిక చూడండి. రెండు ఇళ్ళలో దీపాలు ఆరాయి. ఒక ఇంట్లో మనిషి స్విచ్చి నొక్కాడు. రెండో ఇంట్లో ఫ్యూజు పోయింది. బయటి నుంచి చూస్తే రెండూ చీకటే! సైలోసైబిన్ శరీరంలో మార్పు చెంది, సెరటోనిన్ అతుక్కునే చోట్ల తాను అతుక్కుంటుంది. ఆ ప్రభావం గంటల తరబడి ఉంటుంది. భయం పుట్టినా మధ్యలో ఆపడం మన చేతిలో ఉండదు. కొందరికి మతి చలించే ప్రమాదమూ ఉంది. అందుకే పరిశోధనలలో వైద్యులు పక్కనే ఉంటారు. మన దేశంలో 1985 నాటి చట్టం ఇటువంటి మందులను నిషేధించింది. ధ్యానంలోనో, కళ్ళు తెరిస్తే చాలు.

రేపు మళ్ళీ చెరువు గట్టుకు వెళ్ళండి. అయిదు నిమిషాలలో మనసు ఎన్నిసార్లు ‘నా’ అన్నదో లెక్కపెట్టండి. ఆ లెక్కపెడుతున్నది ఎవరో కూడా కాస్త ఆలోచించండి!