శాకాహార పాస్తా: క్రొత్తగా గరిటె పట్టువారికి

చదువుకొరకో, ఉద్యోగముకొరకో ఇల్లు విడిచి, పరాయి ఊరనో పరదేశముననో ఒంటిగదిలో కాపురము పెట్టి, జీవితమున మొదటిసారి తన అన్నము తానే వండుకొనవలసివచ్చిన యువతీయువకులకు, ఒక పొయ్యి, ఒక లోతైన గిన్నె, ఒక బాణలి ఉన్న చాలునని ధైర్యము చెప్పగల వంటలలో పాస్తా అగ్రగణ్యమని నేను నమ్ముచున్నాను. అయినను దానిని వండబోయి నిరుత్సాహపడువారు తక్కువమంది కారు. సీసాలలో అమ్ము సాసులమీదను, మీగడమీదను, రంగురంగుల కూరగాయ ముక్కలమీదను వారు ఉంచిన శ్రద్ధలో నాల్గవవంతయినను పాస్తా ఉడుకు నీటిమీద ఉంచకపోవుటయే దానికి కారణము. ఈ వంట రుచి ఆ నీటిలోనే ఆరంభమగును. ఆ సంగతి తెలిసినవారికి నాలుగు వస్తువులతో కమ్మని భోజనము సిద్ధమగును. తెలియనివారు నలుబది వస్తువులు తెచ్చినను అది ముద్దయే.

పాస్తాకు ఆకారములు వందలుగా ఉన్నను మూలద్రవ్యములు రెండే: గోధుమరవ్వ, నీరు. డ్యూరమ్ అను గట్టిజాతి గోధుమను మరపట్టి, ఆ పసుపువన్నె రవ్వను నీటితో తడిపి, రంధ్రములుగల అచ్చులగుండ ఒత్తి ఆరబెట్టుదురు. సన్నని రంధ్రమున పొడవుగా దిగినది స్పగెట్టి, గొట్టముగా దిగి ఏటవాలుగా తెగినది పెన్నె, మెలికలు తిరిగినది ఫుసిల్లి. పాయసమునకు మనము వాడు సేమియా కూడ ఈ వంశములోనిదే. ఉప్మాకు శ్రేష్ఠమని పెద్దలు ఏరి కొను బన్సీరవ్వయు ఆ గట్టిగోధుమదే గనుక, పాస్తా మన వంటింటికి బొత్తిగా పరాయిది కాదు. సిసిలీ రాజగు రెండవ రోజరు ఆస్థానమున నుండిన భూగోళవేత్త అల్ ఇద్రీసీ, 1154లో పూర్తియైన తన గ్రంథమున, పలెర్మోకు చేరువనున్న త్రాబియాలో గోధుమపిండితో దారములవంటి పదార్థమును విరివిగా చేసి ఓడలమీద దూరదేశములకు పంపుచుండిరని వ్రాసెను. తరువాతి శతాబ్దములలో నేపుల్సు ప్రాంతము, అందునను గ్రన్యానో పట్టణము, ఎండు పాస్తాకు ప్రసిద్ధికెక్కెను. నేపుల్సు పేదజనులు వీధి అంగళ్ళలో దీనిని కొని, పైన తురిమిన చీజు చల్లించుకొని, నిలుచున్నచోటనే చేతితో తినెడివారు. మాంసము కొనలేనివారి ఆహారమగుటచేత అక్కడి పాత వంటకములు పెక్కు సహజముగనే శాకాహారములు. మనకొరకు వాటినుండి దేనినైనను తీసివేయవలసిన పని లేదు.

మన పట్టణముల ఫలహారశాలలలో వైట్ సాస్ పాస్తాకు ప్రచారము కలిగినందున క్రొత్తవారు దానితోనే మొదలుపెట్టుచున్నారు. అది మొదటి మెట్టు కాదని నా అభిప్రాయము. వెన్నలో మైదా వేపి, పాలు పోయుచు, ఉండ కట్టకుండ కలుపుట చేయితిరిగినవారికి సులభమే గాని, అదే సమయమున ప్రక్క పొయ్యిమీద పాస్తా ఉడుకును కనిపెట్టవలసిన క్రొత్తవారికి రెండు చేతులును చాలవు.

ఇక నీటి సంగతి. మనిషికి 100 గ్రాముల పాస్తా, దానికి ఒక లీటరు నీరు, ఆ నీటికి 10 గ్రాముల ఉప్పు, అనగా రెండు టీచెంచాలకు కొంచెము తక్కువ: ఇది ఇటలీ ఇండ్లలో వాడుకగా నడచుచున్న కొలత. ఉప్పు ఎక్కువని భయపడవలదు. అందులో చాలభాగము నీటిలోనే మిగిలిపోవును, పాస్తా పీల్చుకొన్నది మాత్రమే మన నోటికి వచ్చును. ఉప్పులేని నీటిలో ఉడికిన పాస్తాకు పైన ఎంత ఉప్పు చల్లినను లోపలి చప్పదనము పోదు. నీరు తెర్లుచున్నప్పుడే పాస్తా వేయవలెను. వేసిన మొదటి రెండు నిమిషములు గరిటెతో కలుపుచుండవలెను, ఏలయన పైపొరలోని పిండి ఉడికి జిగురుగా మారునది అప్పుడే, ఒకదానికొకటి అంటుకొనునదియు అప్పుడే. అంటుకొనకుండుటకని నీటిలో నూనె పోయు అలవాటు చాలమందికి ఉన్నది. ఆ నూనె నీటిపై తేలుటయేగాని లోపలి పాస్తాను చేరదు. వార్చునప్పుడు చేరినదా, సాసును పట్టనీయదు. వార్చిన పిమ్మట చన్నీటితో కడుగుట అంతకంటె చేటు, పైనున్న జిగి అంతయు కొట్టుకొనిపోవును.

పొట్లముమీద 10 నిమిషములని ఉన్నచో, ఎనిమిదవ నిమిషమున ఒక పోగును బయటికి తీసి కొరికి, కొరికినచోట చూడవలెను. చుట్టును పసుపుగా, మెత్తగా ఉండి, నట్టనడుమ సూదిమొనంత తెల్లని చుక్క కనబడును; అది ఇంకను నీరు చేరని రవ్వ. గట్టిగోధుమలోని మాంసకృత్తులు వలగా అల్లుకొని పిండిరేణువులను పట్టి ఉంచును గనుక ఈ దశలో పాస్తా పంటికింద కొద్దిగా ఎదురు తిరుగును. మరి నాలుగు నిమిషములు మరచితిమా, వల తెగి, పిండి నీటిపాలై, పోగులు బంకబంకగా తయారగును. ఆ తెల్లచుక్క మాయము కాబోవుచుండగనే దింపుట సరియైన పని, ఎందుకనగా మిగిలిన ఉడుకు బాణలిలో జరుగవలసి ఉన్నది. వార్చుటకు ముందు ఒక గ్లాసెడు ఉడుకునీరు తీసి ప్రక్కన ఉంచుట మరువకుడు. పిండితో చిక్కబడిన ఆ నీరే ఈ వంటకు ప్రాణము.

దాని మహిమ తెలియుటకు నేపుల్సువారి అల్యో ఏ ఓల్యో వండి చూడవలెను. ఇద్దరికి 200 గ్రాముల స్పగెట్టి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు, నాలుగు పెద్ద చెంచాల ఆలివునూనె, ఇంతే సరంజామా. స్పగెట్టి ఉడుకుచుండగా, చల్లని బాణలిలో నూనెయు, పలుచగా తరిగిన వెల్లుల్లియు కలిపి వేసి, సన్నని సెగమీద పెట్టవలెను. మన తాలింపువలె కాగిన నూనెలో వేసినచో వెల్లుల్లి పైన మాడి లోపల పచ్చిగా ఉండును, మాడిన వెల్లుల్లి చేదు వంటకమంతటిని చెరుచును. రేకుల అంచులు లేత బంగారువన్నెకు తిరుగగనే తుంచిన మిరపకాయలు వేసి, వెంటనే అరగ్లాసెడు పాస్తానీరు పోయవలెను. అది చుర్రుమని పొంగి అణగును. అప్పుడు వార్చిన స్పగెట్టిని అందులో వేసి, మంట పెంచి, ఒకటి రెండు నిమిషములు విడువకుండ కలుపుచుండగా, అంతవరకు నీరు వేరు, నూనె వేరుగా బాణలి అడుగున కదలాడుచుండిన ఆ ద్రవము క్రమక్రమముగా తెల్లబడి, చిక్కబడి, పలుచని మీగడవంటిదై ప్రతి పోగును పట్టుకొనును. ఉడుకునీటిలోని పిండి నూనెబిందువులను విడివిడిగా నిలిపి ఉంచుటచేత జరుగు పని యిది. మరీ బిగుసుకొన్నచో ఇంకొక రెండు చెంచాల నీరు పోయవచ్చును. మీగడ లేదు, చీజు లేదు, వెన్న లేదు. అయినను పళ్ళెమున పొడిపొడిగా ఉండదు. ఈ ఒక్కటి చేతికి వచ్చినవారికి తక్కిన పాస్తాలు కష్టము కావు.

రెండవది టమాటాతో. అమెరికా ఖండమునుండి 16వ శతాబ్దమున యూరపునకు వచ్చిన ఈ కాయకు పాస్తాతో పొత్తు చాల ఆలస్యముగా కుదిరినది. ఇప్పొలితో కవల్కాంతి 1839లో నేపుల్సున ప్రకటించిన వంటల గ్రంథమున ఆ జోడి కనబడుచున్నది. కండ ఎక్కువగా ఉండి బాగుగా పండిన కోల టమాటాలు అరకిలో తీసుకొని, అడుగున గాటు పెట్టి, అరనిమిషము మరుగునీటిలో ముంచితీసినచో తొక్క సులువుగా ఊడివచ్చును. రెండు వెల్లుల్లి రెబ్బలు మూడు చెంచాల నూనెలో వేగిన పిమ్మట, ఆ పండ్లను చేతితో చిదిపి వేసి, ఉప్పు చేర్చి, 20 నిమిషములు నిదానముగా ఉడికించి, నూనె అంచులకు తేలునప్పుడు పాస్తాను కలుపవలెను. అల్లము, గరంమసాలా వేయవలెనను ఉబలాటము మనవారికి కలుగుట సహజమే గాని, ఒక్కసారి అవి లేకుండ తినిచూచి నిర్ణయించుకొనుడని కోరుచున్నాను. ఇదే సాసులో ఉప్పు రాచి నూనెలో వేయించిన వంకాయముక్కలు కలిపినచో సిసిలీయందలి కతానియా నగరపు వంటకమగును. ఆ ఊర పుట్టిన సంగీతకర్త బెల్లీని 1831లో రచించిన నార్మా అను సంగీతనాటకము పేరే దానికి పెట్టుకొన్నారు. వంకాయ ప్రియులగు తెలుగువారికి ఇది తప్పక నచ్చును.

కడుపునిండ బలమైన భోజనము కావలెనన్నచో పాస్తా ఏ చేచి అను సెనగల పాస్తా ఉన్నది. కాబూలీసెనగలు 100 గ్రాములు రాత్రి నానబోసి, కుక్కరులో మెత్తగా ఉడికించి, మూడవవంతు మెదిపి, వెల్లుల్లి వేగిన నూనెలో ఆ ఉడుకునీటితోకూడ పోసి, అది మరుగుచుండగా చిన్నరకపు పాస్తాను నేరుగా అందులోనే ఉడికింపవలెను. దీనికి వార్చుట లేదు, కావలసిన కొలది వేడినీరు చేర్చుటయే. గోధుమలో కొరవడు లైసిన్ అను పోషకాంశము సెనగలలో సమృద్ధిగా ఉండును గనుక, మన పప్పన్నమువలెనే ఈ రెండును ఒకదాని లోటు ఒకటి పూరించును.

శాకాహారులు ఒక్క విషయమున జాగరూకులై ఉండవలెను. పాస్తాపై చల్లు పార్మిజానో రెజ్జానో చీజును చేయుటకు పాలను విరుచునది లేగదూడ కడుపునుండి తీసిన రెన్నెట్టు. పెకొరీనో రొమానోకు గొఱ్ఱెపిల్లది. ఈ సంగతి ఎరుగక ఎందరో నిష్ఠాపరులు వీనిని తినుచున్నారు. సూక్ష్మజీవులనుండి తయారైన రెన్నెట్టుతో చేసిన చీజులును దొరకుచున్నవి. పొట్లముమీద చదివి, నిర్ధారణ చేసికొని కొనుడు. అట్లే ఉత్తర ఇటలీ సంప్రదాయపు పచ్చి పాస్తాలో గుడ్డు కలియును. మన దేశమున ఆకుపచ్చ చుక్క ఉన్నది గాని విదేశములలోని మన పిల్లలు వెనుకనున్న దినుసుల జాబితా చదువక తప్పదు.

మొదటిసారి వండువారు ఇద్దరికి మించి వండవలదని నా మనవి. అరకిలో పాస్తాను మన ఇంటి బాణలిలో కలుపుట కష్టము, చిన్నగిన్నెలో ఉడికించుట అంతకంటె కష్టము. అతిథులను పిలుచుట తరువాత చూచుకొనవచ్చును. రెండువందల గ్రాములు, రెండు లీటర్ల నీరు, వెల్లుల్లి, నూనె: వీనితో మొదలుపెట్టి, ఆ నీరు మీగడవలె మారుట మీ బాణలిలో మీరే చూచిన తరువాతనే సీసా సాసు కొనవలెనో అక్కరలేదో తేల్చుకొనుడు.