మరచిపోయిన పానా

విమానం నడవడానికి ఇంజను బలం ఒక్కటే చాలదు. చోదకుడు చేతికర్రను కదిపినప్పుడల్లా తోకకూ రెక్కలకూ అమర్చిన పలకలు కదలాలి. అవి బిగుసుకుపోతే ఎంతటి నేర్పరి అయినా నిస్సహాయుడే. బెస్సీ కోల్మన్ కథ మనకు ఆ సంగతే చెబుతుంది.

ఈమె 1892లో అమెరికాలోని టెక్సస్‌లో ఒక పేద నల్లజాతి కుటుంబంలో పుట్టింది. స్వదేశంలో ఏ విమాన పాఠశాలా చేర్చుకోలేదు. ఆమె ఫ్రెంచి నేర్చుకుని, సముద్రం దాటి ఫ్రాన్సుకు వెళ్ళి, 1921 జూన్ 15న లైసెన్సు సంపాదించింది. అమెరికా నల్లజాతి స్త్రీలలో ఈమే మొదటి వైమానికురాలు. తనవారికొక విమాన పాఠశాల పెట్టాలన్నది ఆమె కోరిక.

1926 ఏప్రిల్ 30న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, మరునాటి ప్రదర్శనలో పారాచూట్‌తో దిగవలసిన చోటు చూడడానికి పాత జెన్నీ విమానమెక్కింది. మెకానిక్కు నడుపుతున్నాడు. వంగి చూడడానికి వీలుగా ఆమె నడుముపట్టీ కట్టుకోలేదు. ఉన్నట్టుండి విమానం ముక్కు దించి తలకిందులైంది. ఆమె జారిపడి మరణించింది. విమానం కూలి మెకానిక్కూ పోయాడు. నియంత్రణ యంత్రంలో ఒక పానా ఇరుక్కుని ఉందని తరువాత తేలింది.

నేడు చోదకులు బయలుదేరే ముందు చేతికర్రను అన్ని వైపులా కదిపి చూసుకుంటారు. మరమ్మతు చేసేవారు పనిముట్లను లెక్కపెట్టుకుంటారు. కుట్టుపని ముగియగానే సూది ఎక్కడుందో చూడమని మన పెద్దలనేది ఇందుకే గదా! సముద్రం దాటిన పట్టుదలను ఒక చిన్న పానా నేలకూల్చింది. ఆమె తలచిన పాఠశాల ఆమె చేతులమీద వెలవనేలేదు.