చూసిన దెయ్యాన్నే మళ్లీ చూడటం ఎందుకు?

హారర్ సినిమాల అభిమానుల్లో ఒక రకం వాళ్లుంటారు. రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992)లో ఎక్కడెక్కడ ఉలిక్కిపడాలో వాళ్లకు కంఠతా వచ్చు. 'ఈవిల్ డెడ్' (1981) ఏడాదికోసారైనా పెట్టుకుని చూడందే తోచదు. అదే మనిషిని 'ఎక్సార్సిస్ట్' (1973) చూశారా అని అడగండి, లేదంటారు. 'సైకో' (1960)? అదీ లేదు. 'మసూద' (2022) చూద్దామనుకుంటూనే రోజులు గడిపేస్తారు. తీరా ఖాళీ రాత్రి దొరికితే మళ్లీ పాత దెయ్యమే. తోటి అభిమానులు దీన్ని బద్ధకం అంటారు, అసలు అభిమానమే కాదని కూడా అంటారు. భయం గురించి పరిశోధకులు తెలుసుకున్న సంగతులు చూస్తే ఆ మాట నిలబడదు.

ముందుగా తేలాల్సింది ఒకటుంది. జరగబోయేది తెలిసినప్పుడు కూడా భయం ఎలా పుడుతుంది? చార్లెస్ డార్విన్ దీన్ని తన మీదే పరీక్షించుకున్నాడు. లండన్ జంతు ప్రదర్శనశాలలో పఫ్ ఆడర్ అనే విషసర్పం ఉన్న మందపాటి గాజుకు ముఖం దగ్గరగా పెట్టి నిలబడ్డాడు. పాము మీదికి వచ్చినా కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. అది గాజును కొట్టిన మరుక్షణం గజమో రెండు గజాలో వెనక్కి దూకేశాడు. ప్రమాదం లేదని తెలిసిన బుద్ధి గానీ, కదలకూడదన్న పట్టుదల గానీ తనకు అక్కరకు రాలేదని 1872లో అచ్చయిన పుస్తకంలో రాసుకున్నాడు.

ఉలికిపాటుకు ఆలోచనతో పని లేదు. హఠాత్తుగా పెద్ద శబ్దం వినిపిస్తే ఆ సంకేతం మెదడు కింది భాగమైన మెదడు కాండానికి చేరుతుంది. కండరాలకు ఆజ్ఞ అక్కడినుంచే వెళ్లిపోతుంది. సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపే కనురెప్ప కదులుతుంది. 'ఇది సినిమా, ఇది నాకు తెలిసిన సీను' అని మనసు చెప్పుకునేసరికి ఒళ్లు ఉలిక్కిపడటం అయిపోతుంది. పైగా అప్పటికే మనం బిగుసుకుని కూర్చుని ఉంటే, బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా ఆ ఉలికిపాటును ఇంకా పెంచుతుంది. కాబట్టి ఆ క్షణం వస్తోందని తెలిసి ఎదురుచూసే పాత అభిమాని ఒక్కోసారి కొత్తవాడికన్నా ఎక్కువగా అదిరిపడితే ఆశ్చర్యం లేదు.

ఇందులో శబ్దానికి ఉన్న పాత్రను మనం తక్కువగా లెక్కిస్తాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ బ్లూమ్‌స్టీన్ ఉడుత జాతికి చెందిన మార్మట్లను అధ్యయనం చేసే జీవశాస్త్రవేత్త. ఆపదలో పడిన పిల్ల మార్మట్లు వేసే కేకలు నున్నగా ఉండవు. గొంతు చీలినట్టు, గరుకుగా, శ్రుతి తప్పి వస్తాయి. అలాంటి శబ్దాలను సినిమాలూ వాడుకుంటున్నాయా అన్న అనుమానంతో ఆయన, సహచరులు 102 సినిమాల సౌండ్‌ట్రాకులను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. హారర్ చిత్రాల్లో గరుకు కేకలు ఊహించినదానికన్నా ఎక్కువగా ఉన్నాయి. 'సైకో'లో షవర్ దృశ్యానికి సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. స్వరకర్త బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్ల చేత కీచుమనిపించి ఆయన మనసు మార్చాడు. పిల్ల జీవి ఆర్తనాదం విని తల్లి శరీరం స్పందించినట్టే ఆ తీగల కీచుకు మన శరీరమూ స్పందిస్తుంది. ఆ పాత స్పందనకు కథ ముందే తెలిసినా తెలియకపోయినా ఒకటే.

ఉలికిపాటు సంగతి సరే. ఉత్కంఠ మాటేమిటి? రిచర్డ్ గెరిగ్ అనే మనస్తత్వవేత్త 1989లో ఒక ముచ్చటైన ప్రయోగం ప్రచురించాడు. జార్జ్ వాషింగ్టన్ అమెరికా మొదటి అధ్యక్షుడన్నది అక్కడి పిల్లలకు కూడా తెలుసు. ఆయన ఆ పదవి తీసుకుంటాడో లేదో అన్న సందేహం రేకెత్తేలా నాలుగు వాక్యాలు చదివించి, ఆ వెంటనే 'అధ్యక్షుడయ్యాడు, నిజమా కాదా' అని అడిగితే జనం జవాబు చెప్పడానికి ఎక్కువ సమయం తీసుకున్నారు. కథలో లీనమైన మనసు తనకు తెలిసినదాన్ని కాసేపు పక్కన పెట్టేస్తుందన్నమాట. అందుకే పదోసారి చూస్తున్నా 'ఆ గదిలోకి వెళ్లకు' అనాలనిపిస్తుంది.

అలాగని పాత సినిమా ఎప్పుడూ ఒకేలా భయపెట్టదు. ఒకే రాత్రి రెండుసార్లు చూస్తే రెండోసారి చప్పగా ఉంటుంది. ఒకే ప్రేరణ పదే పదే వస్తే స్పందన తగ్గిపోవడం జీవులన్నింటిలోనూ కనిపించేదే. అయితే అలా తగ్గిన స్పందన చెరిగిపోదు. కుక్కల మీద ప్రయోగాలు చేసిన పావ్‌లోవ్ కాలం నుంచే ఇది తెలుసు. కొంత విరామం ఇస్తే పోయిందనుకున్న స్పందన దానంతటదే తిరిగి వస్తుంది. చోటు మారినా తిరిగి వస్తుందని తర్వాతి పరిశోధకులు చూపించారు. ఏడాదికోసారి 'ఈవిల్ డెడ్' చూసే మనిషి తెలియకుండానే ఈ సూత్రాన్ని వాడుకుంటున్నాడని నా అభిప్రాయం. నలుగురి మధ్య నవ్వుకుంటూ చూసి అరగదీసిన భయం, వేరే ఊళ్లో, ఒంటరి గదిలో, అర్ధరాత్రి మళ్లీ తల ఎత్తుతుంది.

ఇంతకీ ఎంత భయం కావాలి? డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో వినోదం కోసం భయపడటం మీదే పనిచేసే పరిశోధకులున్నారు. వాళ్లు వైలె పట్టణంలోని ఒక భూతాల గృహానికి వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి లోపలికి పంపారు. 2020లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, భయం మరీ తక్కువైతే ఆనందం లేదు, మరీ ఎక్కువైనా లేదు. మధ్యలో ఎక్కడో ఆనందం శిఖరానికి చేరుతుంది. ఆ మధ్యస్థానం మనిషి మనిషికీ మారుతుంది.

పాత ఇష్టాల వైపు చెయ్యి ఎందుకు వెళుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. 'రాత్రి' తనను ఎంత భయపెడుతుందో అభిమానికి తెలుసు. మోతాదు ఖాయం. చూడని సినిమా ఎంత భయపెడుతుందో తెలియదు, చూసినవాళ్లు చెప్పిన మాటలు మాత్రమే తెలుసు. అందుకే చాలామంది జాబితాల్లో ఖాళీలు పనికిమాలిన సినిమాల దగ్గర ఉండవు, అత్యంత భయంకరమైనవిగా పేరుపడ్డవాటి దగ్గరే ఉంటాయి. మళ్లీ చూడటంలో ఆనందమేముందని వెక్కిరించేవాళ్ల లెక్క కూడా తప్పుతోంది. ఎడ్ ఓబ్రయన్ అనే పరిశోధకుడు 2019లో దీనిమీద వరుస ప్రయోగాలు ప్రచురించాడు. ఒకసారి అనుభవించినదాన్ని మళ్లీ అనుభవిస్తే విసుగొస్తుందని జనం ముందే తీర్మానించుకుంటారు. నిజంగా మళ్లీ అనుభవించినప్పుడు అనుకున్నదానికన్నా ఎక్కువ ఆనందిస్తారు. మొదటిసారి కంటపడనివి ఎన్నో మిగిలి ఉండటమే అందుకు కారణం.

అసలు ఈ సినిమాల్లో మనల్ని లాగేది భయం ఒక్కటే కాకపోవచ్చు. అమెరికాలో ఎస్.ఎం. అన్న పొడి అక్షరాలతో వైద్యశాస్త్రానికి పరిచయమైన ఒక మహిళకు అరుదైన జబ్బు వల్ల రెండు వైపులా అమిగ్డలా నాశనమైంది. పరిశోధకులు ఆమెకు హారర్ సినిమాల ముక్కలు చూపించారు. 2011లో ప్రచురించిన ఆ వివరాల్లో, ఆమెలో భయమన్నది ఏమాత్రం కనబడలేదు. కానీ చాలా దృశ్యాలను ఉత్సాహంగా చూసింది. ఒకదాని పేరు అడిగి తెలుసుకుంది, ఆ సాయంత్రం క్యాసెట్ అద్దెకు తెచ్చుకుందామని! ఆ దృశ్యాలకు భయపడని మనిషికి కూడా ఆ కథలో ఏముందో చూడాలనిపించింది.

పాత ఇష్టాలను మానుకొమ్మని ఎవరికీ చెప్పను. కానీ ఖాళీలను ఖాళీలుగా వదిలేయడం మాత్రం నష్టమే. మొదటి చూపు ఒక్కసారే దొరుకుతుంది, ఇంకా చూడని వాళ్లకు అది చెక్కుచెదరకుండా ఉంది. మోతాదు తెలియదన్న సంకోచానికి ఆర్హస్ బృందమే దారి చూపింది. భయాన్ని కావాలని పెంచుకునేవాళ్లు, పక్కవాళ్లను పట్టుకునో కళ్లు మూసుకునో దాన్ని తగ్గించుకునేవాళ్లు, ఇద్దరూ భూతాల గృహం నుంచి దాదాపు సమానమైన తృప్తితోనే బయటికి వచ్చారని వాళ్లు 2019లో చెప్పారు. భయాన్ని తగ్గించుకుని చూడటం తక్కువతనం కాదు. పగటిపూట చూడండి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి, సౌండు తగ్గించండి. చాలా ఏళ్లుగా వాయిదా వేస్తున్న పేర్లలో ఈ నెల ఒకటి కొట్టేయండి. 'సైకో'తో మొదలుపెడితే మంచిది, నిడివి 109 నిమిషాలే.