శాస్త్రగద్యమున రచయిత వైఖరి - నిర్ణయవిధానము

అపరిచిత గద్యము నిచ్చి ప్రశ్నలడుగు పద్ధతి మన పరీక్షలకు క్రొత్తది కాదు. కాని గద్యము శాస్త్రవిషయకమై, "ఈ విషయమున రచయిత వైఖరి యెట్టిది?" అను ప్రశ్న వచ్చినపుడు విద్యార్థి తడబడుచున్నాడు. శాస్త్రమున ఉండునవి విషయములే గదా, వైఖరి యెక్కడిది యని యతని సందేహము. దానికి సమాధానము తెలుగు వాక్యనిర్మాణముననే యున్నదని మా తలంపు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల విద్యార్థికి పరిచితమైన విషయమునే గ్రహింతము. బాపట్ల వ్యవసాయ పరిశోధన స్థానమున రూపొంది, 1986లో విడుదలయిన బి.పి.టి. 5204 వరి సాంబమసూరి యను పేర ప్రసిద్ధము. బియ్యము సన్నము, అన్నము రుచికరము. బాక్టీరియా ఎండాకు తెగులునకు మాత్ర మది లోబడును. ఈ సంగతినే మూడు విధముల వ్రాయవచ్చును.

"సాంబమసూరి అన్నము రుచికరము, అది ఎండాకు తెగులును తట్టుకొనలేదు." ఇందు రచయిత తటస్థుడు. "అన్నము రుచికరమే కాని, తెగులును తట్టుకొనలేదు." ఇందు మొగ్గు దోషమువైపు. "తెగులును తట్టుకొనలేకున్నను, అన్నము రుచికరము." ఇందు గుణమువైపు. విషయము మూటను ఒక్కటియే. మారినవి ఏకారము, 'కాని', అప్యర్థకము, వాక్యాంగముల వరుస. సామాన్యముగా తెలుగువాక్యము దేనితో ముగియునో దానికే బరువు హెచ్చు.

క్రియాంతముల విషయము ఇంతకంటె సూక్ష్మము. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను చేర్చిన మెరుగైన సాంబమసూరి 2008లో విడుదలయినది. దానిని గూర్చి "తెగులును తట్టుకొనును" అన్నవాడు నిశ్చయముగా చెప్పుచున్నాడు. "తట్టుకొనవచ్చును" అన్నవాడు జాగ్రత్తపరుడు. జాగ్రత్త శాస్త్రజ్ఞునకు సహజము, దానిని వ్యతిరేకత యనరాదు. (ప్రశ్నపత్రములలో ఈ పొరపాటు తరచు చూచుచున్నాము.) "తట్టుకొనునట" అన్నవాడు ఆ మాటకు తాను పూచీపడుట లేదు. అంతమాత్రమున సందేహించుచున్నాడని చెప్పుటకు వీలులేదు. ముందువెనుకల వాక్యములు బలపరచిననే 'సందేహము' అను సమాధానము చెల్లును.

ఇక చదువరి వైఖరి యొకటి కలదు. తెగులుసోకి తమ పొలము ఎండుట కన్నులార చూచిన రైతుబిడ్డ తటస్థవాక్యమునను నిందనే చదువును. అనుభవము సత్యమే, కాని ప్రశ్న రచయితను గూర్చినది. అయినను మార్కు పోయిన ప్రతిసారి తప్పు విద్యార్థిదే యనుటకు మేము అంగీకరింపము. ఒకప్పుడు మేము కూర్చిన ప్రశ్నకు 'విమర్శ' సరియైన సమాధానమని తరగతిలో చెప్పగా, ఒక విద్యార్థి లేచి, "ఏ మాటవలన, మాస్టారూ?" అని యడిగెను. గద్యమును రెండుమారులు వెదకితిమి. చూపుటకు మాట దొరకలేదు, ప్రశ్నను కొట్టివేసితిమి. నాటినుండి సమాధానముతోపాటు దాని కాధారమైన పదముక్రింద గీత గీయుమని కోరుచున్నాము. మార్కులలో సగము ఆ గీతకే.