మన వంటింటి బొమ్మ ఎవరు గీయాలి?

మన వాడల ఇళ్ళు పత్రికలకెక్కేది ఎక్కువగా దాడి జరిగిన మర్నాడే. కాలిపోయిన కొట్టం, విరిగిన తలుపు, గుండెలు బాదుకునే తల్లి. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన హత్యాకాండల తర్వాత తెలుగు లోకం దళిత కుటుంబాన్ని ఇట్లాంటి ఫోటోల్లోనే చూసింది. ఆ ఫోటోలు కావాలి. సాక్ష్యం లేని కేసు నీరుగారిపోతుందని ఉద్యమంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కానీ ఆ కొట్టంలో ముందురోజు రాత్రి ఏం వండుకున్నారో, పిల్లలు దేనికి నవ్వుకున్నారో, అమ్మ కూలి డబ్బులు ఏ డబ్బాలో దాచిందో ఆ ఫోటోల్లో ఉండదు. రుద్రవరంలో బడికి పోయే ఒక మాదిగ పిల్లకు అచ్చులో కనబడే తన ఇల్లు బాధితుల ఇల్లు ఒక్కటే అయితే, అదీ ఒక అన్యాయమేనని మేము అంటున్నాం.

ఆ లోటు పూడ్చడానికి తెలుగులో జరిగిన ఒక మంచి ప్రయత్నం గురించి ఈ వ్యాసం. హైదరాబాదులోని అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం తయారుచేసిన ‘డిఫరెంట్ టేల్స్’ బొమ్మల కథల పుస్తకాలు 2008లో వచ్చాయి. దీపా శ్రీనివాస్ సంపాదకత్వంలో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో తెచ్చిన ఈ పుస్తకాలను డీసీ బుక్స్ ప్రచురించింది. దళిత, ముస్లిం, కూలి కుటుంబాల పిల్లలు ఇందులో పక్కన నిలబడి చూసేవాళ్ళు కాదు, కథ వాళ్ళదే. ఈ పుస్తకాలు ఏం చేశాయో అర్థం కావాలంటే ముందు కొంచెం దూరం పోయి రావాలి.

బయటివాళ్ళ ఫోటో, ఇంటివాళ్ళ కథ

వందేళ్ళ కింద న్యూయార్కులో ఇటలీ నుంచి వలస వచ్చిన కూలి కుటుంబాలు ఇరుకు గదుల్లో బతికేవి. 1908 నుంచి లూయిస్ హైన్ అనే ఫోటోగ్రాఫర్ బాలకార్మిక వ్యవస్థను వ్యతిరేకించే జాతీయ కమిటీ తరఫున ఆ ఇళ్ళలోకి వెళ్ళాడు. వంటింటి బల్ల చుట్టూ తల్లి, పిల్లలు కూర్చుని కాగితం పూలు చేస్తున్న ఫోటోలు తీశాడు. పిల్లల చేత పనిచేయించడం మీద జరిగిన పోరాటానికి ఆ ఫోటోలు పెద్ద బలం. అయితే ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో ఫోటో చెప్పలేదు. చెప్పడం దాని పని కూడా కాదు.

అది చెప్పినవాడు అట్లాంటి ఇంట్లోనే పుట్టిన పీట్రో డి డొనాటో. అతని తండ్రి తాపీ మేస్త్రి. 1923లో గుడ్ ఫ్రైడే నాడు కడుతున్న భవనం కూలి చనిపోయాడు. ఎనిమిది మంది పిల్లల్లో పెద్దవాడైన పీట్రో పన్నెండేళ్ళకే తాపీ పట్టి ఇంటిని మోశాడు. ఆ చావు మీద రాసిన కథ 1937లో ఎస్క్వైర్ పత్రికలో వచ్చింది. 1939లో అది ‘క్రైస్ట్ ఇన్ కాంక్రీట్’ అనే నవలగా పెరిగింది. అందులో కూలీలు ఇంగ్లీషులో మాట్లాడుతున్నా వాక్యం నడక ఇటలీదే. వాళ్ళు తింటారు, తిట్టుకుంటారు, మోటు హాస్యం ఆడతారు, కొత్త ఇంటి కోసం కలలు కంటారు. మేస్త్రి పోయినప్పుడు చదివేవాడికి ఒక మనిషి పోయినట్టు అనిపిస్తుంది. లెక్కల్లో ఒక అంకె పెరిగినట్టు అనిపించదు.

హైన్ ఫోటో చట్టం కోసం, డొనాటో కథ మనిషి కోసం. రెండూ కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదులుకోలేం. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఇటలీ మేస్త్రిని చంపింది యజమాని లాభాపేక్ష. మన మేస్త్రికి దానితో పాటు కులం కూడా ఎదురొస్తుంది. తను కట్టిన గుడిలోకి, తను సున్నం కొట్టిన ఇంటి వంటగదిలోకి పోనీయని కులం. కాబట్టి కూలి కుటుంబం కథ అన్నంత మాత్రాన మన కథ పూర్తిగా చెప్పినట్టు కాదు.

తాటకి, తలకాయ కూర

ఇప్పుడు అన్వేషి పుస్తకాల దగ్గరికి వద్దాం. గోగు శ్యామల రాసిన కథలో బాలమణికి పదకొండేళ్ళు. తెల్లవారుజామున పొలానికి నీళ్ళు పెట్టడానికి పోతుంది. అక్కడ భూస్వామి ఆమె మీద చేయి వేయబోతే తెగించి తిప్పికొడుతుంది. పురాణంలో తాటకి అంటే చంపదగిన రాక్షసి. ఈ పుస్తకం ఆ పేరును గెలిచిన పిల్ల పేరుగా శీర్షికకు ఎక్కించింది. ఇదే సంఘటన పత్రికలో వస్తే ‘దళిత బాలికపై అత్యాచారయత్నం’ అనే శీర్షికతో రెండు పేరాల్లో ముగిసేది. అందులో ఆ పిల్లకు పేరు ఉండదు. ఆమె గోప్యత కోసం ఉండకూడదు కూడా. కథలో ఆమెకు పేరుంది, పని తెలుసు, చీకట్లో దారి తెలుసు. చదివే పిల్లలకు భయంతో పాటు ధైర్యం కూడా అందుతుంది.

నెల్లూరు జిల్లా కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్ బాబు పుస్తకంలో విషయం తలకాయ కూర. ఒక ముస్లిం ఇంట్లో మేక తలకాయ తెచ్చుకుని, వండుకుని, కలిసి తినడం, అంతే. అయితే మాంసం పేరెత్తితేనే మొహం చిట్లించే చదువుల మధ్య ఒక పిల్లల పుస్తకం ఆ కూరను పండగలా చెప్పడం చిన్న విషయం కాదు. డబ్బా మూత తీయడానికి సిగ్గుపడి మూలకు పోయి తినే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. తన ఇంటి కూర పుస్తకంలో రంగుల బొమ్మతో కనబడితే ఆ సిగ్గు ఎవరిదో తిరిగి ఆలోచించుకునే వీలు వాళ్ళకు దొరుకుతుంది.

ఈ రచనలు ఒంటరిగా రాలేదు. మన ఉమ్మడి కర్నూలు జిల్లా బిడ్డ నాగప్పగారి సుందర్రాజు 1997లోనే ‘మాదిగోడు’ కథలు తెచ్చాడు. రాయలసీమ మాదిగవాడ మాటను మార్చకుండా అచ్చుకెక్కించాడు. 2000లో చిన్న వయసులోనే పోయాడు. జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి మాదిగ, ఉపకులాల ఆడవాళ్ళ కథలను ‘నల్లరేగటి సాల్లు’ పేరుతో 2006లో తెచ్చారు. అవి పెద్దల కోసం రాసినవి. అదే మాటను, అదే ఇంటిని బొమ్మలతో పిల్లల చేతికి ఇచ్చారన్నదే అన్వేషి పుస్తకాల ప్రత్యేకత.

బొమ్మను చదవడం ఎట్లా?

కథను చదివినంత జాగ్రత్తగా బొమ్మను చదివే అలవాటు మనకు తక్కువ. విద్యార్థులు ఏ పిల్లల పుస్తకం పట్టుకున్నా కొన్ని ప్రశ్నలు వేసుకోవాలని మా సూచన. ‘ఇల్లు’ అన్న మాట పక్కన ఏ ఇల్లు గీశారు? రేకుల షెడ్డు, కొట్టం, కాలనీ ఇల్లు ఎప్పుడైనా కనబడ్డాయా? పనిచేసే మనిషి బొమ్మ మధ్యలో ఉన్నాడా, అంచున ఉన్నాడా? అతని మొహానికి కళ్ళూ ముక్కూ ఉన్నాయా, లేక వంగిన వీపే కనబడుతోందా? నల్లని మనిషి దొంగగానో రాక్షసిగానో మాత్రమే వస్తున్నాడా? అమ్మ బొమ్మ ఎప్పుడూ పొయ్యి దగ్గరేనా, చేతిలో కొడవలి ఎప్పుడైనా ఉందా?

ఈ ప్రశ్నలు చిత్రకారుడిని తప్పుపట్టడానికి కాదు. బొమ్మ గీసే మనిషి తను చూసిన ఇంటినే గీస్తాడు. చూడని ఇంటిని గీయాలంటే అడగాలి, పోవాలి, కూర్చోవాలి. అందుకే మన ఇళ్ళ నుంచి రాసేవాళ్ళతో పాటు గీసేవాళ్ళు కూడా రావాలి.

రుద్రవరం చుట్టూ గీయడానికి ఏముందని ఎవరైనా అడగవచ్చు. తెల్లవారకముందే సద్ది గిన్నెలతో ఆటో ఎక్కి గుత్త నాట్లకు పోయే ఆడవాళ్ళు ఉన్నారు. కూలి రేటు దగ్గర మేస్త్రితో వాళ్ళు వేసే లెక్క ఉంది. తెలుగుగంగ కాలువ, దాని నీళ్ళు ఎవరి పొలానికి పారుతాయన్న ప్రశ్న ఉంది. నల్లమల అంచు, అక్కడి చెంచుల దారులు ఉన్నాయి. డప్పు కాచే మంట, దాని చుట్టూ చేరే పిల్లలు ఉన్నారు. ఇక్కడికి దగ్గరి ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు దేశమంతా పేరుంది. ఈ నేల మీద బతికే కూలి ఇంటి రూపానికి కూడా ఒక పుస్తకమంత చోటు దక్కాలి.

అడిగే హక్కు మనకుంది

ఇట్లాంటి పుస్తకాలు వచ్చినంత మాత్రాన వాడకు చేరవు. చేరడానికి అడగాలి. అడగడానికి చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఎస్సీ కాలనీ ఇల్లు కూడా ఆ సెస్సు కడుతుంది. అంటే గ్రంథాలయంలో ఉన్న ప్రతి పుస్తకంలో మన పైసలూ ఉన్నాయి. ఏ పుస్తకాలు కొనాలో చెప్పే అధికారం కట్టేవాళ్ళకు లేదనడం కుదరదు.

బడి సంగతికి వస్తే 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి పాఠశాలకు గ్రంథాలయం ఉండాలని, అందులో పత్రికలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలని స్పష్టంగా ఉంది. పిల్లలు భయం, ఆందోళన లేకుండా చదువుకునేటట్టు బోధన ఉండాలని అదే చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. తన తిండికి, తన తల్లి పనికి సిగ్గుపడుతూ కూర్చున్న పిల్ల భయం లేకుండా చదువుతోందని ఎట్లా అంటాం?

కాబట్టి చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. బడి గ్రంథాలయంలో ఎన్ని కథల పుస్తకాలున్నాయి, వాటిలో దళిత, ఆదివాసీ, ముస్లిం రచయితలవి ఎన్ని అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబు చేతికొచ్చాక పుస్తకాల పేర్లతో జాబితా రాసి, తల్లిదండ్రుల సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థకు, బడి యాజమాన్య కమిటీకి ఇవ్వండి. హాస్టళ్ళలో ఉండే విద్యార్థులు తమ వార్డెనుకు ఇదే జాబితా ఇవ్వవచ్చు.

పుస్తకం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఆదివారం పూట కాలనీలో పది మంది పిల్లలను కూర్చోబెట్టి, అవ్వ చేత ఒక కథ చెప్పించి, ‘మీ వంటిల్లు గీయండి’ అని తెల్ల కాగితాలు, రంగు పెన్సిళ్ళు ఇవ్వండి. అవ్వ మాటను ఆమె చెప్పినట్టే రాసుకోండి, పుస్తక భాషలోకి దిద్దకండి. ఆ కాగితాలను పారేయకుండా తేదీ వేసి, పిల్లల పేర్లు రాసి దాచండి. రేపు రుద్రవరం నుంచి బొమ్మల కథల పుస్తకం వస్తే అది ఆ కాగితాల్లోంచే రావాలి.